ఇంటిలో రాకెట్టు

మా మేనమామగారి కుడిచేతికి మూడు వ్రేళ్ళే గలవు. చిన్నతనమున మేమాయన యొడిలో కూర్చుండి ఆ వ్రేళ్ళను లెక్కపెట్టి, తక్కిన రెండును ఏమైనవని యడుగుచుండెడివారము. "జువ్వతోపాటు పైకి పోయినాయి లేమ్మా" అని యాయన నవ్వెడివారు. ఆ నవ్వు తిరిగి వచ్చుటకు చాల సంవత్సరములు పట్టెనని మా యమ్మమ్మ చెప్పినప్పుడుగాని అందలి బాధ మాకు తెలియలేదు.

సంగతి యిది. దాదాపు అరువది యేండ్ల క్రిందట కడపలో దీపావళికి పిల్లలు తారాజువ్వలను తామే కట్టుకొనుచుండిరి. ఎదురింటివారి జువ్వ వేపచెట్టును దాటిపోయినది. మామగారి జువ్వ కొమ్మలలో చిక్కుకొన్నది. మరునాడాయన అదే కాగితపు గొట్టములో ఇబ్బడి మందు కూరిరి. గొట్టము పైకి లేవలేదు. చేతిలోనే నిలువునా చీలినది.

ఈ కథ యిప్పుడెందుకన, గత వేసవిలో ప్రొద్దుటూరునుండి మా యక్కగారు ఫోను చేసి, "అబ్బాయి సెలవులకు వచ్చినాడు. మిద్దెమీద గది నిండా అట్ట గొట్టాలు, జిగురు డబ్బాలు. రాకెట్టు చేస్తాడట. పెద్దదట. వాళ్ళ నాయనేమో చదువుకు సంబంధించిందే కదా అంటున్నారు. నాకు మాత్రం మామ చెయ్యే కండ్లకు కడుతోంది. నువ్వొచ్చి వద్దని చెప్పిపో" అనిరి. వద్దనుటకే బయలుదేరితిమి. నాలుగు దినములుండి, కొంత వద్దని, కొంత దగ్గరుండి చేయించి తిరిగి వచ్చితిమి. ఏది వద్దంటిమో, ఏది చేయించితిమో సోదరీమణులకు తెలుపుట మంచిదని తోచినది. ఇంజనీరింగు చదువు పిల్లలు లేని వీథి యిప్పుడు మన సీమలో లేదు గదా.

మోడల్ రాకెట్టు దీపావళి జువ్వకు దూరపు చుట్టము. జువ్వ ఒక్కసారి కాలి పోవును. మోడల్ రాకెట్టు పైకి పోయి, గొడుగు విప్పుకొని, చెడకుండ దిగివచ్చి మరల నెగురవలెను. దీనిని మొదట పొందుపరచినవాడు శాస్త్రజ్ఞుడు గాడు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రమున నార్‌ఫోక్ అను పట్టణములో చెప్పుల దుకాణము నడుపుకొను ఆర్విల్ కార్లైల్. బాణసంచా అతనికి వేడుక. అతని సోదరుడు రాబర్టు విమానముల నమూనాలు చేసి వానినిగూర్చి యుపన్యాసము లిచ్చెడివాడు. సోదరునికొక నమూనా కావలసి, 1954లో ఆర్విల్ కాగితపు గొట్టముతో చిన్న రాకెట్టు నమర్చెను. అందలి తెలివి యంతయు ఒక్కచోట నున్నది: మందు ముందుగనే మూసిన చిన్న గొట్టములో నుండును, ఎగురవేయువాని చేయి దానికి తగులదు. 1957లో హ్యారీ స్టైన్ అను రాకెట్టు ఇంజనీరు, పిల్లలు ఇండ్లలో మందు కలిపి గాయపడుచున్నారని ఒక పత్రికలో వ్రాయగా, కార్లైల్ అది చదివి తన నమూనాను ఆయనకు పంపెను. ఆ యేడే ఆ దేశమున ఈ వినోదమునకొక సంఘమును, నియమములును ఏర్పడినవి. అదే యేడు అక్టోబరులో రష్యావారి స్పుత్నిక్ ఆకాశమెక్కుటతో పిల్లల యుత్సాహమునకు మేర లేకపోయెను.

ఆ మూసిన గొట్టములకు మోటారులని పేరు. వాని శక్తిని అక్షరములతో గుర్తింతురు. ఏ తరగతి 2.5 న్యూటను సెకండ్లవరకు, బి 5, సి 10, ఇట్లు ఒక్కొక్క యక్షరమునకు ఇబ్బడి యగుచు జి వద్ద 160కి వచ్చును. హెచ్ మొదలు పైవి అధికశక్తి రాకెట్లు. హెచ్ తరగతి 160నుండి 320వరకు. వీని నెగురవేయుటకు అమెరికాలో పెద్దవారికే యనుమతి. అదియును పరీక్ష నెగ్గిన పిదపనే. తేలికపాటి రాకెట్టు హెచ్ మోటారుతో గంటకు 500 కిలోమీటర్ల వేగమును మించగలదు. మా వాని మనసంతయు ఈ హెచ్ మీదనే యున్నది.

"చిన్నమ్మా, మందు ఎక్కువైతే ఎక్కువ ఎత్తు పోదా?" యని మొదటి దినముననే యడిగెను. సరిగా అరువది యేండ్లనాటి ప్రశ్న.

పోవును, గొట్టము ఒప్పుకొన్నచో. ఈ మాట మన సీమకు క్రొత్త గాదు. 1779లో హైదరలీ సిద్ధవటమును పట్టుకొని కడప నవాబు రాజ్యమును తనలో కలుపుకొనెను. 1792 సంధిలో అది నిజామునకు పోయినది, 1800లో కుంఫిణీవారికి దత్తమైనది. ఆ పదుమూడేండ్లును కడప సీమ మైసూరు రాజ్యములో భాగము. ఆ మైసూరు సైన్యము ప్రయోగించిన రాకెట్లు నాటి లోకమున నన్నిటికంటె దూరము పోయెడివి. అందలి మందు ఇతరుల మందువంటిదే: సూరేకారము, గంధకము, బొగ్గుపొడి. భేదము గొట్టములో. ఇతరులు కాగితమో, అట్టయో చుట్టుచుండగా వీరు ఇనుప రేకుతో గొట్టము చేసి, దానిని వెదురుబద్దకు గాని కత్తికి గాని కట్టిరి. లోపలి ఒత్తిడి హెచ్చినను ఇనుము చీలదు గావున, వాయువు మరింత బలముతో వెనుకకు తన్నును, రాకెట్టు మరింత దూరము పోవును. వేయి గజములు దాటి పోయెడివి. 1780లో కంచి సమీపమున పొల్లిలూరు యుద్ధములో ఆంగ్లేయుల మందుబండ్లు ప్రేలుటకు ఈ రాకెట్లే కారణమని చెప్పుదురు. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట దొరకిన రాకెట్లను ఇంగ్లండుకు గొనిపోయిరి. విలియం కాంగ్రీవు వానిని చూచి, మొదట కాగితపు గొట్టములతో ప్రయత్నించి, తుదకు ఇనుమునకే వచ్చెను. 2018లో కర్ణాటకములో శివమొగ్గ జిల్లా నగర గ్రామమున నొక పాడుబావిని పూడిక తీయగా వేయికి పైగా ఇట్టి ఇనుప రాకెట్లు బయటపడినవి.

మామగారి గొట్టము నిలువుననే యేల చీలవలెను? మా వాడు కాగితముపై గీసి చూపెను. గొట్టములోని వాయువు అన్ని దిక్కులకు సమముగా నెట్టినను, చుట్టుకొలతవైపున గోడపై పడు లాగుడు పొడవువైపున పడుదానికి రెట్టింపు. కావున గొట్టము నడిమికి తెగదు. వెదురుబొంగువలె నిలువునా విచ్చును. దానికి మందు చుట్టుకట్టు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలో మగ్గములున్న యిండ్ల స్త్రీలకు కండె చుట్టుట చెప్పనక్కరలేదు. నేడు గొప్ప రాకెట్ల మోటారు గొట్టములను ఆ విధముననే, జిగురులో తడిపిన కర్బన తంతువులను చుట్టి చుట్టి చేయుచున్నారు. 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి లేచిన విక్రమ్-ఎస్ దేహము కర్బన తంతువులదే. దానిని కట్టినది హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ. స్థాపకులు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు గల యా రాకెట్టు 89.5 కిలోమీటర్ల యెత్తునకు పోయెను. మన దేశమున ప్రైవేటువారు కట్టిన మొదటి రాకెట్టు అదియే.

రెండవనాటి యుదయమున మా యక్కగారు వంటయింటి అలమారులో బియ్యపు డబ్బా వెనుక నొక పొట్లమును కనుగొనిరి. తెల్లని యుప్పువంటి పొడి, సూరేకారము. మోటారు కొనుట ఖరీదు, అనుమతుల తొందర. అందుచే మందును తానే మన పొయ్యిమీద వండుకొనవలెనని వాని యూహ. "అందరూ చేస్తున్నారు చిన్నమ్మా, యేమీ కాదు" అనెను. మా యక్కగారు మాటాడలేదు. ఆ పొట్లమును పట్టుకొని గ్యాసు పొయ్యికి దూరముగా పెరటిలోనికి పోయి నిలుచుండిరి. చేతులు వణకుచుండెను.

ఇచ్చట మేము వద్దంటిమి. వాదమునకు తావీయలేదు. 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము ప్రకారము అనుమతి లేక ఇట్టి మందు తయారుచేయుట నేరము. కాని మేము చట్టముకంటె ముందు మామగారిని పిలిపించితిమి. కడపనుండి బస్సులో వచ్చి, మంచినీళ్ళు త్రాగి, ఆ చేతితోనే గ్లాసును క్రింద పెట్టిరి. ఒక్క మాటయు ననలేదు. ఆ సాయంకాలమే మా వాడు పొట్లమును కళాశాలకు గొనిపోయి రసాయనశాస్త్రపు అధ్యాపకులకు అప్పగించి వచ్చెను. మోటారు కళాశాలవారు అనుమతి గలవారివద్ద కొని, ఎగురవేయు మైదానముననే, అధ్యాపకుల యెదుటనే రాకెట్టులో నమర్చవలెనని యేర్పాటైనది. ఇంటికి మోటారు రాకూడదు.

ఇక రాకెట్టు దేహము. ఇది మేము దగ్గరుండి చేయించిన భాగము. నిజముగా ఇందు స్త్రీలు చెప్పదగినదే యెక్కువ.

మా వాని మొదటి రాకెట్టును కళాశాల బృందము అంతకుముందొకసారి ఎగురవేసి యుండెను. అది చిన్న తరగతిది. రెండు గాయములతో తిరిగి వచ్చినది. ఒక రెక్క ఊడినది. గొట్టపు మూతి జానెడు పొడవున చీలినది. రెక్క యేల ఊడెను? అట్టగొట్టపు పైభాగముననే దానిని అంటించిరి. వేగము ఇబ్బడియైన గాలి యొత్తిడి నాలుగింతలగును. రెక్క జెండావలె రెపరెపలాడి, అట్ట పైపొరను ఊడబెరుకుకొని పోవును. జిగురు విడువలేదు, అట్టయే పొర విడిచినది. కావున రెక్కను పైన నంటించుట గాక, గొట్టమునకు సన్నని చీలిక చేసి, రెక్క అడుగు తోకను లోపలికి దూర్చి, నడుమనున్న మోటారు గొట్టమునకు అంటించవలెను. రెక్కకు లోపల రెండు, బయట రెండు అతుకులు. ప్రతి మూలను జిగురుతో నింపి వ్రేలితో గుండ్రముగా దిద్దవలెను, చట్టి మూలను మెత్తినట్లు. దానిపై ఫైబర్‌గ్లాసు గుడ్డను ఒక రెక్క కొననుండి గొట్టముమీదుగా ప్రక్క రెక్క కొనవరకు ఏకముగా పరచి జిగురు పట్టించినచో ఆ రెక్క ఊడుట యరుదు. గుడ్డను నేత పోగునకు ఏటవాలుగా కత్తిరించిన వంపులకు చక్కగా నొదుగునని మేము చెప్పగా, వాడు "ఇది మా పుస్తకములో లేదే" యనెను. రవికె కుట్టు ప్రతివారికిని తెలిసిన సంగతి.

గొట్టపు మూతి చీలుట మరియొక కథ. రాకెట్టు శిఖరమునకు చేరి వేగము తగ్గినప్పుడు గొడుగు విచ్చుకొనవలెను. ఆలస్యమైనచో రాకెట్టు క్రిందికి దూకుచుండగా గొడుగు పట్టుకొనును. ముక్కును, దేహమును కలుపు త్రాడు గొట్టపు అంచును కత్తివలె కోసికొనుచు దిగును. బిగువైన రవికె మెడ దగ్గర చినిగినచో మనమేమి చేయుదుము? మెడకు లోపట్టీ వేయుదుము. ఇచ్చటను అంతియే: మూతికి లోపల రెండంగుళముల పట్టీగా ఫైబర్‌గ్లాసు గుడ్డ చుట్టి, త్రాడు ఆనుచోట మెత్తని గుడ్డ తొడుగు వేయించితిమి. త్రాడును కూడ పొడుగుచేయించితిమి. పొట్టి త్రాడు ఒక్కసారిగా కుదుపునిచ్చును. రాకెట్టు పొడవునకు మూడు నాలుగింతలున్నది కుదుపును మ్రింగికొనును. గొడుగును మా యక్కగారే కుట్టిరి. కిలో బరువునకు సుమారొక మీటరు వెడల్పు గల గొడుగైనచో సెకండుకు అయిదు మీటర్ల చొప్పున దిగును.

జిగురు విషయమున ఒక మాట విశదముగా చెప్పవలెను. ఎపాక్సీ యనునది రెండు డబ్బాలది. రెండును కలిపిన వెంటనే వేడెక్కి గట్టిపడ నారంభించును. సుమారు పది డిగ్రీల వేడిమి పెరిగిన, పనికి చిక్కు కాలము సగమగును. కర్నూలు, కడపల వైశాఖమాసపు మధ్యాహ్నమున, నలువది డిగ్రీలు దాటిన మిద్దెగదిలో, మా వాడు గిన్నెనిండ కలిపెను. అయిదు నిమిషములలో గిన్నె కాగి పొగ లేచినది. ప్లాస్టిక్కు గిన్నె క్రుంగిపోయినది. తెల్లవారుజామున చల్లనివేళ, కొంచెము కొంచెముగా, లోతులేని పళ్ళెములో కలుపవలెను. ఆ పళ్ళెము తిరిగి వంటకు రాకూడదు. చేతులకు తొడుగులు తప్పవు. ఈ జిగురు కొందరి చర్మమునకు పడక దద్దురులు లేచును, ఒకసారి లేచిన ప్రతిసారియు లేచును. గట్టిపడిన ఫైబర్‌గ్లాసును గరుకు కాగితముతో రుద్దునప్పుడు రేగు పొడి ఊపిరితిత్తులకు చెరుపు. నీటితో తడిపి, ముక్కునకు మాస్కు కట్టుకొని, పెరటిలో రుద్దవలెను. ఆ బట్టలను వేరుగా ఉదుకవలెను. చంటిపిల్లలున్న యింట ఈ పని అసలే వద్దు.

రెక్కలు నిట్టనిలువుగా నిలుచుటకు సమమైన పీట కావలెను. మనకు దేవుడిచ్చినది నాపబండ. బేతంచెర్ల బండలు పరచిన నడవలో గొట్టమును నిలిపి, మూలమట్టముతో రెక్కలను నిలబెట్టి, రాత్రియంతయు కదల్పక విడిచితిమి. పిల్లి రాకుండ మామగారు మంచము వేసికొని కావలి పరుండిరి.

ఎచట నెగురవేయుట? ఊరిబయట బీడు కనబడినదని వెలిగించుటకు వీలులేదు. ఆకాశము కనబడినంత ఖాళీ గాదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లున 2021లో విమానాశ్రయము తెరచిరి. ఆ ప్రాంతముననే రక్షణ పరిశోధనవారి పరీక్షాక్షేత్రమున్నది. 2019 సెప్టెంబరులో భుజమున మోయదగిన ట్యాంకు విధ్వంసక క్షిపణిని, 2025 జులైలో డ్రోనునుండి వదలు చిన్న క్షిపణిని కర్నూలులోనే పరీక్షించిరి. కడపకును విమానములు వచ్చుచున్నవి. అధికారుల అనుమతి, అధ్యాపకుల పర్యవేక్షణ లేక ఇది జరుగరాదు. మార్గము లేకపోలేదు: 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో ఇన్-స్పేస్ సంస్థ విద్యార్థుల మోడల్ రాకెట్ల పోటీని జరిపించినది. మైదానమునను నియమములు గలవు. హెచ్ మోటారునకు మనుష్యులు కనీసము 30 మీటర్ల దూరమున నుండవలెను. గాలి గంటకు 32 కిలోమీటర్లు మించిన ఆ దినము విరమించుకొనవలెను. మన ఆషాఢపు గాలి యెట్టిదో చెప్పవలసిన పనిలేదు. ఎండుగడ్డి, వేరుసెనగ కట్టె మిగిలిన చేను నిప్పురవ్వకు కాచుకొని యుండును. వెలిగించుచోట నేలను గీకి, తడిపి, నీళ్ళ బిందెలు సిద్ధముగా నుంచుకొనవలెను.

నాలుగవ దినమున రాకెట్టు తయారైనది. చూచుటకు ముచ్చటగా నున్నది. రెక్కను పట్టి మామగారు లాగినను కదలలేదు. మా వాడు పొంగిపోయెను. అప్పుడు కలిగినది చిక్కు. రాకెట్టు సూటిగా పోవలెనన్న దాని బరువు నిలుచుచోటు, గాలి యొత్తిడి నిలుచుచోటికంటె ముందుండవలెను. గొట్టపు వెడల్పు ఎంతయో కనీసము అంత ముందు. వెనుకకు జరిగినచో రాకెట్టు గాలిలో తిరుగబడి ఎవరిమీదికైన రావచ్చును. దీనిని పరీక్షించుటకు సులభోపాయము గలదు. మోటారంత బరువును తోకలో నుంచి, తూకము కుదురుచోట దారము కట్టి, తలచుట్టును గిరగిర త్రిప్పవలెను. మంచి రాకెట్టు ముక్కు ముందుకు పెట్టుకొని తిరుగును.

మిద్దెమీద, ఎండ వాలిన వెనుక, అందరమును గోడప్రక్కకు జరిగితిమి. మా వాడు దారము త్రిప్పెను. రాకెట్టు ఒక చుట్టు ముక్కుతో, మరుచుట్టు తోకతో తిరిగి, పిదప అడ్డముగా కొట్టుకొనసాగినది. రెక్కలకు మేము పరపించిన గుడ్డ, మూలలలో నింపించిన జిగురు, అంతయు తోకబరువే యైనది! బలము చేసితిమనుకొన్నదే దానిని చెడగొట్టినది. మా వాని ముఖము చిన్నబోయినది. జిగురు కొంత చెక్కివేయుదమా యని మేమంటిమి.

మామగారు లేచి రాకెట్టును తన మూడు వ్రేళ్ళపై అడ్డముగా నిలిపి, తూకము చూచిరి. "గొట్టం ముట్టుకోవద్దురా. ముక్కులో బరువు పెట్టు" అనిరి. చేపల వలకు కట్టు సీసపు గుండ్లు బజారునుండి తెప్పించిరి. ముప్పది గ్రాములు వేసి త్రిప్పిన కొంచెము మేలు. అరువది వేయగా తడబడి కుదురుకొన్నది. ఎనుబదికి ముక్కు చెదరక మూడు చుట్లు తిరిగినది. మా వాడు ఆ యంకెను గోడమీద బొగ్గుతో వ్రాసికొనెను. ఊరికి బస్సెక్కునప్పటికి మా యక్కగారు గొడుగు మడతలలో పౌడరు చల్లుచుండిరి, గుడ్డ ఒకదానికొకటి అంటుకొనకుండ. అనుమతి పత్రము ఇంకను రాలేదట.